ఘాట్‌రోడ్డు ఎక్కే మూడు సిలిండర్లు

హైదరాబాద్ నుంచి కల్వకుర్తి మీదుగా శ్రీశైలం వెళ్లే 765వ నంబరు జాతీయ రహదారి నాగర్‌కర్నూల్ జిల్లాలో హాజీపూర్ దాకా పెద్దగా ఎత్తుపల్లాలు లేకుండానే సాగుతుంది. ఆ తర్వాత నల్లమల మొదలవుతుంది. మన్ననూరు దాకా ఎక్కుడు, అక్కడి నుంచి అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా అడవి దారి, దోమలపెంట దాటాక కృష్ణ దాకా మలుపుల దిగుడు, నది మీది ఆనకట్ట అవతల మళ్లీ శ్రీశైలం దాకా ఎక్కుడు. ఐదుగురు మనుషులతో, డిక్కీ నిండా సామానుతో చిన్న పెట్రోల్ కార్లు ఎన్నో ఈ దారిన వెళ్తుంటాయి. షోరూంలో చేతికిచ్చే కాగితం మీది అంకెలకు అసలు అర్థం ఇక్కడ బయటపడుతుంది.

ఆ కాగితంలో మొదట కనిపించేది సీసీ. సిలిండర్లో పిస్టన్ కింది నుంచి పైకి కదిలే మేర ఎంత చోటు ఉందో చెప్పే కొలత ఇది. సిలిండర్ అడ్డు కొలతను బోర్ అంటారు, పిస్టన్ కదిలే దూరాన్ని స్ట్రోక్ అంటారు. 1983 డిసెంబరు 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా తొలి యజమానికి తాళాలు అందిన మారుతీ 800లో బోర్ 68.5 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 72 మిల్లీమీటర్లు. బడిలో నేర్చిన స్తూపం ఘనపరిమాణం సూత్రంలో ఈ రెండూ వేసి మూడు సిలిండర్లకు గుణిస్తే 796 సీసీ వస్తుంది. 2008లో ఏ-స్టార్ కారుతో వచ్చి, తర్వాత ఆల్టో కె10, వ్యాగన్ ఆర్‌లలో ఊరూరా తిరిగిన కె10బి ఇంజన్‌కూ మూడే సిలిండర్లు. బోర్ 73, స్ట్రోక్ 79.5. లెక్క కడితే 998 సీసీ.

సీసీ పెరిగింది పాతిక శాతం. శక్తి మాత్రం చివరి రోజుల మారుతీ 800లోని 37 హార్స్‌పవర్ నుంచి సుమారు 67కు చేరింది. సిలిండర్‌కు రెండు వాల్వులు ఉన్నచోట నాలుగు వచ్చాయి. గాలి ఎక్కువగా లోపలికి వెళ్తుంది, పొగ తొందరగా బయటికి పోతుంది. గాలి, పెట్రోల్ మిశ్రమాన్ని మునుపటికన్నా గట్టిగా, అంటే పదో వంతుకు కుదించి మండిస్తారు. అందువల్ల ప్రతి చుక్కా ఎక్కువ పని చేస్తుంది.

అయితే ఆ 67 హార్స్‌పవర్ ఎప్పుడూ చేతిలో ఉండేది కాదు. ఇంజన్ నిమిషానికి 6,200 సార్లు (6,200 ఆర్‌పీఎం) తిరిగినప్పుడే అది దొరుకుతుంది. ఎక్కుడులో చూడాల్సింది టార్క్, అంటే తిప్పే బలం. కె10బిలో అది అత్యధికంగా 90 న్యూటన్ మీటర్లు, అదీ 3,500 ఆర్‌పీఎం దగ్గర. మనుషులతో కలిపి 1,100 కిలోలున్న కారు, పది మీటర్లు పోతే మీటరు ఎత్తు పెరిగే దారిని గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఎక్కాలంటే బరువును పైకి లేపడానికే 12 హార్స్‌పవర్ కావాలి. టైర్ల రాపిడి, గేర్లలో పోయేది, ఏసీ తీసుకునేది దీనికి అదనం. ఆ వేగంలో మూడో గేరులో ఇంజన్ తిరిగేది 1,500 ఆర్‌పీఎం దగ్గర. అప్పుడు దాని నుంచి వచ్చేది 15 హార్స్‌పవర్ అటూ ఇటూ. అందుకే బండి ముక్కుతుంది, ఎంత తొక్కినా పికప్ రాదు. రెండో గేరుకు దించగానే అదే వేగంలో ఇంజన్ 2,000 దాటి తిరుగుతుంది, చేతికొచ్చే శక్తి 20 హార్స్‌పవర్ దాటుతుంది. బండి ఎక్కేస్తుంది.

ఇంజన్ మొత్తుకుంటోందని చాలామంది గేరు దించడానికి జంకుతారు. నిజానికి చిన్న ఇంజన్‌ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది తక్కువ ఆర్‌పీఎంలో నిండా తొక్కడమే. మిశ్రమం వేళకు ముందే పేలి టకటక శబ్దం వస్తుంది. దాన్నే మెకానిక్‌లు నాకింగ్ అంటారు. ఆ దెబ్బలు పిస్టన్ మీద, బేరింగుల మీద పడతాయి.

ఇక వేడి సంగతి. సిలిండర్లో మంట 2,000 డిగ్రీలు దాటుతుంది. అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. పిస్టన్, సిలిండర్‌ను పైన మూసే హెడ్ రెండూ అల్యూమినియం మిశ్రమలోహాలే, కె10బిలో సిలిండర్లుండే బ్లాక్ కూడా. అవి నిలబడుతున్నాయంటే చుట్టూ పారే కూలెంట్ వల్లే. పెట్రోల్‌లోని శక్తిలో దాదాపు మూడో వంతును అదే మోసుకెళ్లి రేడియేటర్‌లో వదులుతుంది. రేడియేటర్ మూత లోపల ఒత్తిడిని నిలపడం వల్ల నీళ్లు వంద డిగ్రీలకు కాక 120 దగ్గర మరుగుతాయి. వేడి బండి మూత తీయకూడదనేది ఇందుకే. ఒత్తిడి పోగానే లోపలున్నదంతా ఒక్కసారిగా మరిగి ముఖాన చిమ్ముతుంది.

కూలెంట్ తగ్గితే బాటిల్‌తో బోరు నీళ్లు పోయడం ఈ ప్రాంతంలో మామూలే. ఆ నీళ్లలోని ఉప్పులు, బిందె అడుగున తెల్లగా పేరుకున్నట్టే, రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ పేరుకుంటాయి. ఆ పొర వేడిని బయటికి పోనివ్వదు. మే నెల ఎండలో ఏసీ వేసి ఎక్కుడు ఎక్కే రోజున వేడిని చూపే ముల్లు ఎరుపులోకి వెళ్తుంది. ఇనుముకన్నా అల్యూమినియం వేడికి దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది కాబట్టి హెడ్ వంకర పోతుంది, హెడ్ గాస్కెట్ పోతుంది. కంపెనీ చెప్పిన కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి వాడితే ఈ ఖర్చు తప్పుతుంది.

ఇంజన్ బోరుకు రావడానికి, అంటే సిలిండర్ గోడ అరిగిపోవడానికి, ఎక్కువసార్లు కారణం దుమ్ము, పాత ఆయిల్. 3,500 ఆర్‌పీఎంలో పిస్టన్ సగటున సెకనుకు తొమ్మిది మీటర్ల పైచిలుకు వేగంతో గోడను రాసుకుంటూ కదులుతుంది. మధ్యలో ఉండేది వెంట్రుకకన్నా పలుచనైన ఆయిల్ పొర. ఎయిర్ ఫిల్టర్ చిరిగినా, సరిగ్గా కూర్చోకపోయినా మట్టిరోడ్డు ఇసుక రేణువులు ఆ పొరలోకి చేరి గోడను గీస్తాయి. ఈ కార్లకు ఆయిల్ మార్చే గడువు పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. పొలాల మధ్య దుమ్ములో తిరిగే బండికి ఇంకా ముందే మార్చాలి.

ఈమధ్య మరో అంకె వచ్చి చేరింది: ఈ20, అంటే ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. గద్వాల జిల్లా వాళ్లకు ఇథనాల్ కొత్త మాట కాదు. రాజోలి మండలం పెద్దధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దంటూ 2025 జూన్‌లో గ్రామస్థులు ఆందోళనకు దిగారు. ఇంజన్ వైపు నుంచి చూస్తే, లీటరు ఇథనాల్‌లో పెట్రోల్‌కన్నా మూడో వంతు తక్కువ శక్తి ఉంటుంది. కాబట్టి ఈ20లో శక్తి ఆరేడు శాతం తగ్గుతుంది, మైలేజీ కూడా కొంత తగ్గుతుంది. నాకింగ్‌ను తట్టుకోవడంలో మాత్రం ఇథనాలే మేలు. పాత బండ్లలో చూసుకోవాల్సింది రబ్బరు పైపులు, సీళ్లు. ఇథనాల్ వాటిని ఉబ్బించవచ్చు, తేమనూ లాక్కుంటుంది. ఏళ్ల నాటి పైపులను ఘాట్‌కు వెళ్లే ముందు ఒకసారి చూపించుకోవడం మంచిది.

దోమలపెంట దిగుడులో పెట్రోల్ మిగులుతుందని బండిని న్యూట్రల్‌లో వదిలే అలవాటు కొందరికి ఉంది. కార్బురేటర్ కాలంలో మొదలైన అలవాటు అది. 2000 ప్రాంతంలో మారుతీ 800కు కూడా ఎంపీఎఫ్ఐ, అంటే ఇంజెక్టర్లతో పెట్రోల్ అందించే పద్ధతి, వచ్చాక లెక్క తిరగబడింది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ వదిలితే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి. అది గమనించిన కంప్యూటర్ ఇంజెక్టర్లను మూసేస్తుంది, పెట్రోల్ చుక్క కూడా పోదు. న్యూట్రల్‌లో ఇంజన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోల్ ఖర్చవుతూనే ఉంటుంది, బరువంతా బ్రేకుల మీద పడుతుంది. రెండో గేరులో దిగితే ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, కింద ఆనకట్ట దగ్గర చివరి మలుపు వచ్చేసరికి బ్రేకులు కాలిపోయిన వాసన లేకుండా పనిచేస్తుంటాయి.