తేదీ ముందే తెలిసిన కాన్పు: ఆపరేషన్ ఒక గంట, కోలుకోవడం ఆరు వారాలు

‘వచ్చే సోమవారం వచ్చి అడ్మిట్ అవ్వు, పెద్దాపరేషన్ చేస్తాం.’ ఈ మాట విన్న రోజు నుంచే ఇంట్లో లెక్కలు మొదలవుతాయి. ఎంత ఖర్చవుతుంది? ఆస్పత్రిలో ఎవరుంటారు? పెద్దబిడ్డను ఎవరు చూస్తారు? ఎన్ని రోజుల కూలి పోతుంది? ఆపరేషన్ ఎందుకు చేస్తున్నారు, అందులో ఏం జరుగుతుంది, తర్వాత ఒళ్లు ఎలా కోలుకుంటుంది అనే ప్రశ్నలు మాత్రం నోట్లోనే ఉండిపోతాయి. వాడల్లోని ఆడవాళ్లకు తోడుగా ఆస్పత్రులకు వెళ్లిన ప్రతిసారీ మేం చూసింది ఇదే. అడిగితే కసురుతారన్న భయం వాళ్లను ఆపేస్తుంది.

ముందే నిర్ణయించిన సిజేరియన్‌లో ఒక వెసులుబాటు ఉంది. తేదీ తెలుసు కాబట్టి సిద్ధపడటానికి సమయం ఉంటుంది. ఆ సమయాన్ని ఎలా వాడుకోవాలో, ఆస్పత్రిలో ఏం అడగాలో, ఇంటికొచ్చాక ఏం చూసుకోవాలో ఇక్కడ చెబుతున్నాం. గర్భిణులతో పాటు, వాళ్లకు తోడు వెళ్లే కార్యకర్తలు, విద్యార్థుల కోసం కూడా ఇది రాస్తున్నాం.

ముందుగా కారణం అడగాలి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్లే. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. తెలంగాణ ప్రైవేటు ఆస్పత్రుల్లోనైతే 81.5 శాతం. ఒక జనాభా మొత్తంలో సిజేరియన్లు 10 శాతం దాటాక తల్లుల, శిశువుల మరణాలు ఇంకా తగ్గుతాయని చెప్పడానికి ఆధారాలు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. అవసరమైన ప్రతి స్త్రీకీ ఆపరేషన్ అందాలని కూడా అదే ప్రకటనలో చెప్పింది. ఈ రెండో మాట మర్చిపోకూడదు. అవసరం లేకుండా కోయించుకోవడం ఎంత అన్యాయమో, అవసరమైనప్పుడు ఆపరేషన్ అందక చనిపోవడం అంతకంటే పెద్ద అన్యాయం.

మాయ గర్భసంచి ముఖద్వారాన్ని కప్పేయడం, బిడ్డ అడ్డం తిరిగి ఉండటం, అంతకు ముందు గర్భసంచికి నిలువు కోత పడి ఉండటం వంటివి గట్టి కారణాలు. బిడ్డ ఎదురుకాళ్లతో ఉన్నా, కవలలున్నా, బీపీ బాగా పెరిగినా డాక్టర్ పరిస్థితిని బట్టి నిర్ణయిస్తారు. ‘మొదటిది ఆపరేషన్ కాబట్టి రెండోదీ ఆపరేషనే’ అన్నది మాత్రం అందరికీ వర్తించదు. మొదటిసారి అడ్డకోత పడి, ఈసారి వేరే ఇబ్బందులు లేకపోతే చాలామంది మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చు. అయితే అవసరమైతే వెంటనే ఆపరేషన్ చేయగల ఆస్పత్రిలోనే ఆ ప్రయత్నం జరగాలి.

‘ఎందుకు చేయాలి? చేయకపోతే ఏమవుతుంది? కొన్నాళ్లు ఆగవచ్చా?’ ఈ మూడు ప్రశ్నలు అడగండి. కారణాన్ని కేసు షీట్‌లో రాయమనండి.

తేదీని పంచాంగం నిర్ణయించకూడదు

తొందరపెట్టే కారణమేదీ లేకపోతే, 39 వారాలు నిండాకే సిజేరియన్ చేయాలన్నది వైద్యంలో ఒప్పుకున్న పద్ధతి. అంతకు ముందే తీసిన బిడ్డలకు ఊపిరి అందని ఇబ్బంది ఎక్కువగా వస్తుంది, ఐసీయూలో పెట్టాల్సి రావచ్చు. మన రాష్ట్రాల్లో మంచి ముహూర్తం కోసం వారం పది రోజులు ముందుకు జరిపించుకోవడం మామూలైపోయింది. ఈ అలవాటు మన ఇళ్లలోకీ వచ్చేసింది. మన పుట్టుకనే మైల అన్న శాస్త్రాన్ని అడిగి, మన బిడ్డ ఎప్పుడు పుట్టాలో తేల్చుకోవడం ఏం న్యాయం? బిడ్డ ఊపిరితిత్తులు నక్షత్రం చూసి పండవు. తేదీ స్కానింగ్‌ను బట్టి, తల్లి ఆరోగ్యాన్ని బట్టి తేలాలి.

ముందు వారాల్లో చేయాల్సినవి

అన్నిటికంటే ముందు రక్తం. సిజేరియన్‌లో మామూలు కాన్పు కంటే ఎక్కువ రక్తం పోతుంది. గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటారు. కూలికి వెళ్తూ, అందరూ తిన్నాక మిగిలింది తినే ఆడవాళ్లలో ఇది చాలా ఎక్కువ. నాలుగో నెల నుంచి రోజుకొక ఐరన్ మాత్ర, కాన్పు తర్వాత ఇంకో 180 రోజులు వేసుకోవాలి. మాత్ర వేసుకునే వేళకు టీ తాగకూడదు, నిమ్మరసం మంచిది. చివరి నెలల్లోనూ తక్కువగానే ఉంటే నరానికి ఎక్కించే ఐరన్ గురించి డాక్టర్‌ను అడగాలి. రక్తం గ్రూపు రాయించుకుని, అవసరమైతే ఇవ్వగల ఇద్దరిని ముందే మాట్లాడి పెట్టుకోవాలి.

తర్వాత కాగితాలు. మాతా శిశు సంరక్షణ కార్డు, స్కానింగ్ రిపోర్టులు, పాత ఆపరేషన్ డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, బ్యాంకు పుస్తకం, కుల ధ్రువపత్రం అన్నీ ఒకే సంచిలో ఉంచండి. అన్నిటినీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

2011 జూన్‌లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ప్రభుత్వాస్పత్రిలో సిజేరియన్ పూర్తిగా ఉచితం. మందులు, గ్లౌజులు, సూదుల వంటి సామాను, పరీక్షలు, రక్తం అన్నీ ఉచితమే. సిజేరియన్ అయితే ఏడు రోజుల వరకు భోజనం, ఇంటి నుంచి ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి ఇంటికి బండి కూడా ఇవ్వాలి. ‘బయట నుంచి తెచ్చుకోండి’ అని చీటీ రాసిచ్చినా, ఆడబిడ్డకింత మగబిడ్డకింత అని వార్డులో చెయ్యి చాపినా, అది నిబంధనలకు విరుద్ధం. ఆ చీటీలు, బిల్లులు పారేయకండి. ఫిర్యాదుకు అవే ఆధారం.

ఇక ఇంటి పని. నీళ్లు ఎవరు మోయాలి, వంట ఎవరు చేయాలి, పెద్దబిడ్డను బడికి ఎవరు పంపాలి అన్నది ఆపరేషన్‌కు ముందే భర్తతో, అత్తతో, ఆడబిడ్డతో కూర్చుని తేల్చుకోవాలి. ఇది తేలకపోతే మిగతా ఏర్పాట్లన్నీ వృథా.

ఆపరేషన్ రోజు

ముందు రాత్రి సబ్బుతో స్నానం చేయాలి. వెంట్రుకలు ఇంట్లో బ్లేడుతో తీసుకోవద్దు. కనపడని గాట్లు పడి చీము పట్టే ప్రమాదం పెరుగుతుంది. అవసరమైతే ఆస్పత్రిలోనే కత్తిరిస్తారు. సాధారణంగా ఆపరేషన్‌కు కనీసం ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకూడదు. నీళ్లు ఎప్పటి వరకు తాగవచ్చో అడిగి తెలుసుకోండి.

ఎక్కువమందికి నడుము దగ్గర వెన్నులో మత్తు ఇంజెక్షన్ ఇస్తారు. రొమ్ము కింది నుంచి కాళ్ల దాకా తిమ్మిరెక్కుతుంది. మెలకువగానే ఉంటారు. నొప్పి తెలియదు కానీ లాగుతున్నట్టు, నొక్కుతున్నట్టు తెలుస్తుంది. అది మామూలే. మూత్రానికి పైపు వేస్తారు. కోతకు ముందే యాంటీబయాటిక్ ఇస్తారు. బిడ్డ మొదటి పది నిమిషాల్లోనే బయటికి వస్తుంది. మిగతా సమయమంతా కుట్లకే. మొత్తం మీద గంట లోపు అయిపోతుంది. ఈ ఇంజెక్షన్ వల్ల జన్మంతా నడుమునొప్పి వస్తుందని అందరూ అంటారు, దానికి ఆధారం లేదు. కూర్చుంటే ఎక్కువై, పడుకుంటే తగ్గే తలనొప్పి వస్తే మాత్రం డాక్టర్‌కు చెప్పాలి. దానికి వైద్యం ఉంది.

సంతకం దేనికో తెలుసుకున్నాకే

ఒప్పుదల పత్రాన్ని తెలుగులో చదివి వినిపించమని అడగటం హక్కు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్‌కు, కాపర్-టి వేయడానికి ఒప్పుదల విడిగా తీసుకోవాలి. సిజేరియన్ సంతకంలో అవి కలిసిపోవు. ‘ఎలాగూ పొట్ట కోశాం కదా’ అని బల్ల మీద ఉన్న మనిషిని అడిగి తలూపించుకోవడం ఒప్పుదల కాదు. 2014 నవంబర్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో కుటుంబ నియంత్రణ శిబిరాల తర్వాత పదిమందికి పైగా స్త్రీలు చనిపోయారు. 2016లో దేవికా బిశ్వాస్ కేసులో సుప్రీంకోర్టు అలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపేయమంది. పేద ఆడవాళ్ల గర్భాన్ని టార్గెట్‌గా చూసే పద్ధతికి ఎవరు బలయ్యారో ఆ తీర్పు చదివితే తెలుస్తుంది. పిల్లలు చాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. ఆ నిర్ణయం ముందు వారాల్లోనే, తీరిగ్గా ఆలోచించి తీసుకోవాలి.

ఆస్పత్రిలో మొదటి రోజులు

తల్లి మాట్లాడగలిగే స్థితికి రాగానే, వీలైతే మొదటి గంటలోనే, బిడ్డను రొమ్ముకు పట్టించమని తోడున్నవాళ్లు అడగాలి. ఆపరేషన్ అయితే పాలు రావన్నది అపోహ. మొదటి ముర్రుపాలు కొద్దిగానే వస్తాయి, బిడ్డకు అవే చాలు. తేనె, చక్కెర నీళ్లు నాకించవద్దు. కుట్ల మీద బరువు పడకుండా పక్కకు తిరిగి పడుకునిగానీ, బిడ్డను చంక కింద పట్టుకునిగానీ పాలివ్వవచ్చు.

తిమ్మిరి వదిలాక కాళ్లు కదిలిస్తూ ఉండాలి. సాధారణంగా ఒక రోజు లోపే లేపి నడిపిస్తారు. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా ఇదే కాపాడుతుంది. లేచేటప్పుడు నేరుగా కాకుండా పక్కకు తిరిగి, చేత్తో నెట్టుకుని లేవాలి. దగ్గొచ్చినా నవ్వొచ్చినా కుట్ల మీద దిండు అదిమి పట్టుకోవాలి. నొప్పి ఓర్చుకుంటేనే మంచి తల్లి అన్నమాట లేదు. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ వంటి మాత్రలు పాలిచ్చే తల్లులు వేసుకోవచ్చు, డాక్టర్ చెప్పిన మోతాదులో అడిగి వేసుకోండి.

ఇంటికొచ్చాక ఆరు వారాలు

పైన కుట్టు పది రోజుల్లో మానినట్టు కనిపిస్తుంది. లోపల పొరలు, గర్భసంచి మానడానికి వారాలు పడుతుంది. ఆరు వారాల వరకు బిడ్డ కంటే బరువైనదేదీ ఎత్తకూడదు. అంటే నీళ్ల బిందె, కట్టెల మోపు, గడ్డి మోపు, తడిబట్టల బకెట్ ఏదీ వద్దు. ఇంట్లో మెల్లగా నడవడం మంచిది. గాయాన్ని సబ్బునీళ్లతో మెల్లగా కడిగి, ఆరనిచ్చి, వదులు బట్టలు వేసుకోవాలి. పసుపు, బూడిద, వేడినూనె పూయవద్దు.

తిండి విషయంలో అసలు నష్టం పథ్యమే చేస్తోంది. నీళ్లు తాగితే పొట్ట వస్తుందని, కూరలు తింటే చీము పడుతుందని బాలింతకు కారప్పొడి అన్నం పెట్టి ఎండబెడతారు. దాంతో రక్తం పెరగదు, మలబద్ధకం వచ్చి కుట్ల మీద ఒత్తిడి పడుతుంది. దాహం వేసినన్ని నీళ్లు తాగాలి. డైట్ చార్టుల్లో బాదం, నెయ్యి, పళ్లరసాలు కనిపిస్తాయి. అవి కొనలేమని బెంగ పడాల్సిన పని లేదు. రాగిజావ, జొన్నరొట్టె, పప్పు, మునగాకు, తోటకూర, గుడ్లు, ఎండుచేపలు, పెద్దకూర, కార్జం అన్నీ బలమైన తిండే. మన ఇంటి తిండి గురించి సిగ్గుపడి దాచుకోనక్కర్లేదు. గాయం మానడానికి కావలసిన మాంసకృత్తులు, ఇనుము అందులోనే ఉన్నాయి.

ఈ ఆరు వారాల విశ్రాంతి ఎవరికి దొరుకుతుంది? ఇరవై ఆరు వారాల జీతంతో ప్రసూతి సెలవు 2017 నుంచి చట్టంలో ఉంది. నాట్లు వేసే, పత్తి ఏరే, ఇళ్లలో పాచిపని చేసే మనవాళ్లకు అది అందదు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ 6,000 రూపాయలకు తగ్గకుండా ఇస్తామంది. అమలు చేస్తున్న మాతృ వందన యోజన మొదటి కాన్పుకు 5,000, రెండో కాన్పులో ఆడబిడ్డ పుడితే 6,000 అని గిరి గీసింది. 1928 జూలైలో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి ప్రయోజనాల బిల్లును సమర్థిస్తూ అంబేడ్కర్, కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ ఖర్చులో ప్రభుత్వం పెద్ద భాగం మోయాలని వాదించారు. దాదాపు నూరేళ్లయింది. మూడో వారానికే కూలికి వెళ్తున్న బాలింతలు మన వాడల్లో ఇంకా ఉన్నారు.

వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సిన గుర్తులు

- జ్వరం, చలి, గాయం ఎర్రబడటం, చీము, కుట్టు విడిపోవడం
- గంటకో ప్యాడ్ తడిసేంత రక్తస్రావం, పెద్ద గడ్డలు, దుర్వాసన
- ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టడం, ఆయాసం, ఛాతీలో నొప్పి
- తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, ఫిట్స్
- మూత్రంలో మంట, మూత్రం రాకపోవడం
- రోజుల తరబడి నిద్ర లేకపోవడం, ఆపుకోలేని ఏడుపు, చనిపోవాలనీ బిడ్డను ఏమైనా చేయాలనీ ఆలోచనలు

ఆఖరిదాన్ని గాలి సోకిందని కొట్టిపారేయకండి. అదీ వైద్యం ఉన్న జబ్బే. వీటిలో ఏది కనిపించినా తెల్లారే దాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

కులం అడ్డొస్తే

చాలా ఊళ్లలో తరతరాలుగా పురుడు పోసిందీ, బొడ్డు కోసిందీ, మైలబట్టలు ఉతికిందీ కింది కులాల ఆడవాళ్లే. ఆ ఆడవాళ్లే నేడు కాన్పుకు వెళ్తే, మంచం దగ్గరికి రాకుండా దూరం నుంచే మాట్లాడటం, బూతులు తిట్టడం, ‘మీ వాళ్లింతే’ అనడం మేం విన్నాం. దళితులను ఆస్పత్రిలోకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోకి రాకుండా అడ్డుకోవడం, నలుగురిలో కులం పేరుతో దూషించడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరాలు. తేదీ, సమయం, అన్న మాటలు, విన్నవాళ్ల పేర్లు ఆ రోజే రాసిపెట్టుకోండి. సూపరింటెండెంట్‌కు, జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. వైద్య రికార్డులు అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య నియమావళి చెబుతోంది.

డిశ్చార్జి అయ్యేటప్పుడు ఆపరేషన్ ఎందుకు చేశారు, గర్భసంచికి ఏ కోత పెట్టారు అన్న రెండు వివరాలు సమ్మరీలో ఉన్నాయో లేదో చూసుకోండి. వచ్చే కాన్పు ఎలా జరగాలో నిర్ణయించేది ఆ రెండు వాక్యాలే. మళ్లీ గర్భం దాల్చడానికి కనీసం ఏడాదిన్నర, వీలైతే రెండేళ్లు ఆగడం మంచిది.

మీ వాడలో ఎవరికైనా ఆపరేషన్ తేదీ ఇచ్చారని తెలిస్తే, ఒకసారి వాళ్లింటికి వెళ్లండి. కార్డులో హిమోగ్లోబిన్ ఎంతుందో చూడండి, కాగితాలు సర్దిపెట్టండి. తిరిగొచ్చాక నీళ్ల బిందె ఎవరు మోస్తారో కూడా అడగండి. ఎవరూ లేరంటే ఆ ఆరు వారాలు వంతులేసుకుని మనమే మోద్దాం.