బొంగు కోడి పొయ్యి – ఊరి వెదురు పొద

రాజమహేంద్రవరము నుండి భద్రాచలము పోవు ఘాటు రోడ్డున సుమారు 85 కిలోమీటర్లు ప్రయాణము చేసినచో మారేడుమిల్లి వచ్చును. రోడ్డుకు ఇరువైపుల తాటాకు పాకలు, పాకల ముందు నిప్పుల మీద ఏటవాలుగా ఆనించిన పచ్చి వెదురు గొట్టములు కనిపించును. ఆ గొట్టములలో కోడి మాంసము ఉడుకుచుండును. దీనినే బొంగు కోడి యనియు, బొంగు చికెన్ అనియు పిలుచుచున్నారు. అరకు లోయలోను ఇది ప్రసిద్ధమే.

ఈ పాకలలో ఒక చిన్న పాకను నేను కొన్ని సంవత్సరములుగా ఎరుగుదును. దానిని నడుపువారు కొండరెడ్డి దంపతులు. రెండు బల్లలు, ఒక నీళ్ళ కుండ, ఒక పొయ్యి – ఇంతియే సామగ్రి. మొదట జలపాతములు చూడవచ్చిన పట్నవాసులు మాత్రమే అచ్చట ఆగెడివారు. ఇప్పుడు సంతకు వచ్చిన రైతులు, బడి పంతుళ్ళు, బస్సు డ్రైవర్లు, చుట్టుప్రక్కల గూడెముల వారు కూడ వచ్చి కూర్చుండుచున్నారు. దారిన పోవువాడు ఒక్కసారి తిని పోవును. ఊరివాడు మరల మరల రావలెనన్నచో వంటలో నిజమైన రుచి, ధరలో న్యాయము ఉండవలెను. ఆ పాక ఈ పరీక్షలో నెగ్గినది.

వ్యవసాయ పత్రికలో పూటకూటి పాక ముచ్చట ఏల యని పాఠకులు అడుగవచ్చును. ఆ పొయ్యికి కావలసిన కోడి, వెదురు, అడ్డాకు, పసుపు, అల్లము, మిరప – ఇవన్నియు రైతు పెరటినుండియో, పొలమునుండియో, ఊరి అడవినుండియో రావలసినవే. పాక నిలిచినచో వీరందరికి ఆదాయము నిలుచును. ఈ వస్తువులలో ఏది తరిగినను పాకయు నిలువదు.

వంట విధానము

కొండలలో పోడు పనికి, వేటకు పోయినవారు గిన్నెలు మోసికొని పోలేక వెదురు గొట్టములోనే వండుకొను ఆచారము పూర్వమునుండి ఉన్నది. పద్ధతి తేలికయైనది. లావు బొంగును ఒక ప్రక్క కణుపు ఉండునట్లును, రెండవ ప్రక్క నోరు తెరచి ఉండునట్లును కోయుదురు. కోడి ముక్కలకు ఉప్పు, కారము, పసుపు, అల్లము వెల్లుల్లి ముద్ద, మసాలా పట్టించి కొంతసేపు నాననిత్తురు. నూనె వేయరు. ముక్కలను గొట్టములో మరీ క్రుక్కక నింపి, నోటిని ఆకులతో బిగించి, నిప్పుల మీద పెట్టి అటునిటు త్రిప్పుచుందురు. పచ్చి వెదురులోని నీరు, మాంసములోని నీరు ఆవిరియై లోపలనే తిరుగును. బయట బొంగు నల్లబడును, లోపల మాంసము తన కొవ్వులోనే మగ్గును. అరగంట మొదలు ముప్పావు గంటలో వంట పూర్తియగును.

పచ్చి బొంగే కావలెనన్న మాటను ఇచ్చట గుర్తుంచుకొనవలెను. ఎండు బొంగు నిప్పు తగిలిన వెంటనే అంటుకొనును. ఒకసారి కాలిన గొట్టము మరల పనికిరాదు. అనగా ఎన్ని భోజనములో అన్ని గొట్టములు. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

ఆమె అడిగిన ప్రశ్న

ఒక దినమున నేను తిని చేయి కడుగుకొనుచుండగా ఆ ఇల్లాలు, "దగ్గరున్న పొదలన్నీ ఎండిపోయినాయి బాబూ. ఇప్పుడు రెండు కొండలు దాటి పోతన్నాం. రేపు మా పిల్లలు ఎన్ని కొండలు దాటాలో?" అనెను. ఆ పాకలో అన్నిసార్లు తిన్న నేను, ఈ బొంగు ఎచ్చటినుండి వచ్చుచున్నదని ఒక్కసారియైన అడిగినవాడను కాను. సిగ్గుపడి ఆమె భర్తతో కలిసి పొదలు చూడబోతిని.

చూడగానే కారణము తెలిసినది. చేతికి అందిన బొంగునెల్ల నరికినారు. అందులో చాలవరకు ఆ యేటి లేత బొంగులు. పైగా నడుము ఎత్తున నరికి మోళ్ళు విడిచినారు. పొద నడుమ మోళ్ళు చిక్కుపడి, క్రొత్త పిలక పైకి వచ్చుటకు చోటు లేదు.

వెదురు గడ్డి జాతి మొక్క. దాని బలమంతయు భూమిలోని దుంపలో ఉండును. వానలు పడగానే దుంపనుండి పిలక లేచి, కొన్ని నెలలలోనే పూర్తి ఎత్తు పెరుగును. తరువాత లావెక్కదు, గట్టిపడుట మాత్రమే జరుగును. క్రొత్త బొంగు ఆకు తొడిగి ఆహారము తయారుచేసి దుంపకు పంపును. ఆ ఆహారముతోనే మరుసటి యేటి పిలకలు లేచును. లేత బొంగును నరుకుట పాలిచ్చు ఆవును కోయుట వంటిది.

ఏ బొంగు కొట్టవలెను? ఏది విడువవలెను?

ఆ యేటి బొంగును గుర్తించుట సులభము. కణుపుల వద్ద గోధుమరంగు పొరలు అంటుకొని యుండును. కాండము మీద తెల్లని బూడిద వంటి పొడి ఉండును. దీనిని ముట్టరాదు. వంటకును ఇది మంచిది కాదు. గోడ మెత్తన, వేడికి ముడుచుకొని పగులును. పొరలు రాలిపోయి, కొమ్మలు బాగుగా విచ్చి, ఇంకను పచ్చగా ఉన్న రెండు మూడు ఏండ్ల బొంగు ఈ వంటకు తగినది. దానిలో తగినంత నీరును, గట్టితనమును రెండును ఉండును.

నరకునపుడు ఈ క్రింది నియమములు పాటింపవలెను:

1. నేలకు జానెడు ఎత్తులో, కణుపునకు కొంచెము పైగా పదునైన కత్తితో నరుకవలెను. కణుపు పైన పొడుగు మోడు విడిచినచో దానిలో నీరు నిలిచి కుళ్ళును.

2. పొదను గుర్రపు లాడము ఆకారమున ఒక ప్రక్కనుండి తెరచి, నడుమనున్న ముదురు బొంగులను తీయవలెను. బయటి అంచున పెరుగు క్రొత్త బొంగులు అట్లే ఉండవలెను.

3. ప్రతి పొదలోను కనీసము ఏడెనిమిది పెద్ద బొంగులు మిగులవలెను. ఏ పొదను మొత్తముగా కొట్టరాదు.

4. పిలకలు లేచు వానకాలమున అడవి పొదల జోలికి పోరాదు. కూరకై వెదురు కొమ్ములు తీయువారు కూడ ఒకే పొదలోని కొమ్ములన్నిటిని తీయరాదు.

5. కొట్టిన బొంగును నీటిలో నిలబెట్టినచో కొన్ని దినములు పచ్చిగా ఉండును. అందువలన దినదినము నరకు పని తప్పును.

గట్టు మీద వెదురు

అడవిని కాపాడుటతోపాటు సొంత భూమిలో వెదురు పెంచుటయే శాశ్వతమైన ఉపాయము. ఆ దంపతులతో కూర్చుండి మేము వేసిన లెక్క ఇది. దినమునకు 20 గొట్టముల చొప్పున, ఏడాదిలో 300 దినములు పాక నడిచినచో 6,000 గొట్టములు కావలెను. ఒక్క బొంగునుండి వంటకు తగిన గొట్టములు 10 వచ్చుననుకొన్నచో 600 బొంగులు కావలెను. బాగుగా ఎదిగిన పొదనుండి ఏటేట 6 బొంగులు తీసినచో 100 పొదలు చాలును. అయిదు మీటర్ల ఎడముతో నాటినచో ఎకరమునకు 160 పొదలు పట్టును. అనగా ఒక ఎకరములోపు వెదురు ఆ పాకకు కలకాలము బొంగులు ఇయ్యగలదు.

దీనికి లోపల బోలుగా ఉండు బొంగు వెదురు, అనగా ముళ్ళ వెదురు, తగినది. లోపల గట్టిగా ఉండు సాధన వెదురు కఱ్ఱలకు మంచిదే గాని ఈ వంటకు పనికిరాదు. వేసవిలో రెండడుగుల గోతులు త్రవ్వి, పశువుల ఎరువు కలిపిన మట్టితో నింపి, తొలకరి వానలకు మొక్కలు నాటవలెను. మొదటి రెండు సంవత్సరములు మేకలనుండి, పశువులనుండి కాపాడవలెను. పంట చేలకు నీడ పడకుండ బంజరు చెలకలలోను, వాగు గట్లమీదను నాటుట మేలు. అయిదేండ్లు నిండిన తరువాతనే కోత మొదలుపెట్టవలెను. ఈ వెదురు కొన్ని దశాబ్దములకు ఒక్కసారి పూచి, గింజ పండి, చచ్చిపోవును. ఒకే గుంపునుండి మొక్కలు తెచ్చినచో అన్నియు ఒక్కసారే పోవు ప్రమాదమున్నది. కావున వేరువేరు చోట్ల మొక్కలు కలిపి నాటవలెను.

చట్టపు సంగతి గ్రామాధికారులు తెలియజెప్పవలెను. 2006 సంవత్సరపు అటవీ హక్కుల చట్టము వెదురును చిన్న తరహా అటవీ ఫలసాయముగా గుర్తించినది. తరతరాలుగా సేకరించుచున్న అటవీవాసులకు దానిపై హక్కు ఇచ్చినది. 2017లో కేంద్ర అటవీ చట్టమునకు జరిగిన సవరణ వలన, అడవి వెలుపల పెంచిన వెదురు ఆ చట్టము క్రింద చెట్టుగా పరిగణింపబడదు. అయినను బొంగులను దూరప్రాంతమునకు తరలించి అమ్మదలచినవారు ముందుగా అటవీశాఖ వారిని కనుగొనుట మంచిది.

నా వలన జరిగిన పొరపాటు

కోడి సంగతి చెప్పకున్నచో ఈ వ్యాసము పూర్తికాదు. ఊరివారికి నచ్చునది నాటుకోడి. ఆ దంపతులు ఇరుగుపొరుగు స్త్రీల వద్ద పెరటి కోళ్ళు కొనెడివారు. ఒక వేసవిలో కొక్కెర తెగులు భయముతో టీకా తెప్పింపుమని వారు నన్ను కోరిరి. పట్నము వైపు పనిమీద పోయిన నేనే మందు తెచ్చెదనని మాట ఇచ్చితిని. తిరుగు ప్రయాణమున ఆలస్యమై డబ్బాలోని మంచు కరిగి వేడి నీరైనది. నేను దానిని చూచితిని. మరల పోవలసివచ్చునను బద్ధకముతో ఆ మందునే వేయించితిని. నెల తిరుగకముందే తెగులు వచ్చి గూడెములో కోళ్ళు చాలవరకు చచ్చినవి. పాక కొన్ని వారములు మూతపడినది. ఆ స్త్రీలలో ఒక్కరును నన్ను నిందింపలేదు. ఆ మౌనమే నాకు ఎక్కువ బాధ కలిగించినది.

టీకా మందు చల్లదనములో, అనగా 2 మొదలు 8 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో, ఉన్నంతవరకే ప్రాణముతో ఉండును. మంచు కరిగిన మందు వేయుటకంటె వేయకుండుటయే నయము. వేసితిమను ధీమాయైన ఉండదు. పిల్లలకు మొదటి వారములో కంటిలోగాని ముక్కులోగాని చుక్క మందు, ఎనిమిదవ వారములో రెక్క క్రింద సూది మందు వేయింపవలెను. గూడెములోని కోళ్ళన్నిటికి ఒకే దినమున, ఎండ ఎక్కకముందే వేయించుట ఉత్తమము. హైదరాబాదు కోళ్ళ పరిశోధనా సంస్థ వారు పెరటి పెంపకమునకై రూపొందించిన వనరాజా, గ్రామప్రియ జాతులను కూడ నాటుకోళ్ళతోపాటు పెంచవచ్చును.

పాకల వారికి రెండు మాటలు

మాంసము ఎముక వరకు ఉడికినదా లేదా యని ప్రతి గొట్టములోని లావు ముక్కను విరిచి చూడవలెను. లోపల ఎఱ్ఱదనమున్నచో వడ్డింపరాదు. పచ్చి మాంసము తాకిన చేతితో, కత్తితో వండిన మాంసమును ముట్టరాదు. కాలిన గొట్టములను రోడ్డు ప్రక్క పారవేయక ఎండబెట్టి మరునాటి పొయ్యికి వాడినచో అడవి కట్టె కొంత మిగులును. రాత్రి పాక కట్టునపుడు నిప్పుల మీద నీరు పోసి చల్లార్చవలెను. వేసవి గాలికి ఎగిరిన ఒక్క నిప్పు రవ్వ కొండనెల్ల కాల్చగలదు.

గడచిన తొలకరికి ఆ దంపతులు తమ చెలకలో నలువది వెదురు మొక్కలు నాటినారు. ప్రక్క గూడెము వారు అడ్డాకులతోపాటు మొక్కలకు కంచెకఱ్ఱలు కూడ తెచ్చియిచ్చినారు. మొన్న టీకాల దినమున మంచు డబ్బాను నేనే తెరచి ఆ ఇల్లాలికి చూపితిని. ఆమె వ్రేలితో మంచును తాకి చూచి, "ఈసారి చల్లగానే ఉంది బాబూ" అని నవ్వినది. బొంగులు కోతకు వచ్చుటకు అయిదేండ్లు పట్టును. అంతవరకు రెండు కొండలు దాటక తప్పదు. కాని మూడవ కొండ దాటవలసిన అవసరము రాకుండ చూచుట మన అందరి చేతిలో ఉన్నది. వెదురుతో బ్రతుకు పాకలున్న ప్రతి ఊరి రైతులు, గ్రామాధికారులు ఈ తొలకరికే ఆ పని మొదలుపెట్టుదురని ఆశించుచున్నాను.