పెన్నేటి గంగమ్మను మనకిచ్చిన సంపాదకుడు

కరువు అనగానే ఎండిన చెరువులు, బీటలు వారిన చేలు గుర్తుకొస్తాయి. ఆ కరువులో పొయ్యి వెలిగించాల్సిన ఇల్లాలి అవస్థ ఎందరికి గుర్తుకొస్తుంది? దాన్ని కావ్యంలోకి తెచ్చినవారు మన పక్క జిల్లా ఆయనే. విద్వాన్ విశ్వం.

ఆయన అసలు పేరు మీసరగండ విశ్వరూపాచారి. అనంతపురం జిల్లా తరిమెలలో 1915లో పుట్టారు. సంస్కృతం, తెలుగు బాగా చదువుకుని సంపాదించుకున్న 'విద్వాన్' పట్టమే పేరు ముందు స్థిరపడిపోయింది. అంత పండితుడై కూడా పాత పుస్తకాల మధ్యనే కూర్చుండిపోలేదు. తన ఊరివాడే అయిన తరిమెల నాగిరెడ్డి వంటి మిత్రులతో కలిసి అనంతపురంలో 'నవ్యసాహిత్యమాల' నడిపారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో జైలుకూ వెళ్లారు. తర్వాత హైదరాబాదులో అడవి బాపిరాజు గారి 'మీజాన్' పత్రికలో పనిచేశారు. ఆపైన చాలా ఏళ్లు ఆంధ్రప్రభ వారపత్రిక సంపాదకులుగా ఉన్నారు.

ఆ పత్రికలోనే మాలతీ చందూర్ గారి 'ప్రమదావనం' వచ్చేది. వంటావార్పూ దగ్గర్నుంచి ఎవరితోనూ చెప్పుకోలేని మనసులోని బాధ దాకా ఆడవాళ్లు ఉత్తరాలు రాసేవారు, ఆమె జవాబులిచ్చేవారు. 'ఆడవాళ్ల కబుర్లే కదా' అని తీసిపారేయకుండా వారం వారం చోటివ్వడం చిన్న విషయమేమీ కాదు. విశ్వం గారు స్వయంగా 'మాణిక్యవీణ' శీర్షిక రాసేవారు. బాణుడి కాదంబరి లాంటి సంస్కృత గ్రంథాలను తెలుగు చేసి, సంస్కృతం రానివాళ్లకూ అందించారు.

ఇన్ని చేసినా సీమవాళ్ల గుండెల్లో ఆయన్ని నిలిపింది మాత్రం 1956 నాటి 'పెన్నేటి పాట'. అందులో రాజులూ రాణులూ లేరు. నీళ్లు లేని పెన్న, ఆ ఒడ్డున బతుకీడ్చే రంగడు, అతని భార్య గంగమ్మ. రెక్కాడితేగానీ డొక్కాడని సంసారం. కడుపుతో ఉన్న మనిషికి కడుపునిండా తిండి లేకపోవడం అంటే ఏమిటో గంగమ్మను చూస్తే తెలుస్తుంది. ఆమెను జాలిపడి వదిలేయాల్సిన మనిషిగా కాక, కావ్యానికి నాయికగా నిలబెట్టారాయన.

1987లో విశ్వం గారు కన్నుమూశారు. గంగమ్మ కథ మాత్రం ముగియలేదు. మంత్రాలయం పక్కనే తుంగభద్ర పారుతున్నా, మన కోసిగి, ఆదోని వైపు పల్లెల్లో వానను నమ్ముకున్న చేలే ఎక్కువ. పంట పోయిందంటే మూటాముల్లె సర్దుకుని మిరపకాయలు కోయడానికి గుంటూరు వైపు బండెక్కుతారు. వెంట వెళ్లిన పిల్లల బడి ఆగిపోతుంది. ఇంటి దగ్గర మిగిలిన పిల్లల భారం అవ్వల మీద పడుతుంది. పరాయి ఊళ్లో పొద్దంతా కాయ కోసి వచ్చి, మళ్లీ మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసేది ఆడమనిషే.

కరువు లెక్కల్లో ఎకరాలుంటాయి, క్వింటాళ్లుంటాయి. ఆమె పస్తులు ఏ లెక్కలోనూ కనిపించవు. అందుకే 'పెన్నేటి పాట' మన ఇళ్లల్లో ఉండాలి. చదువుకున్న అమ్మలు పిల్లలకు కథగానైనా చెప్పాలి. పక్క వీధిలో తాళం వేసిన ఇల్లు కనబడితే, ఆ ఇంటి గంగమ్మ ఎక్కడుందో అడగాలన్న ఆలోచన అప్పుడైనా పిల్లలకు వస్తుంది.