వారసుని వయోనిర్ణయము – సతిసప్తమి

మధ్యయుగమున ఆంగ్లదేశమందు రాజునకు సైనికసేవ చేయుచు భూమి ననుభవించు సామంతుఁడు మృతుఁడైనచో, బాలుఁడగు వారసుని భూమి రాజు వశమగుచుండెను. ఇరువదియొక్క యేండ్లు నిండెనని రుజువైనఁగాని యది వానికి రాదు. చర్చులలో జననాదులు వ్రాయు పుస్తకములు 1538 వఱకు విధింపఁబడలేదు. కావున రాజోద్యోగి పన్నిద్దఱు స్థానికులను బిలిచి, మీకెట్లు తెలియునని యడుగుచుండెను. ఒకఁడు నాఁడే తనకుఁ గొడుకు పుట్టెననును. వేఱొకఁడు నాఁడు గుఱ్ఱముపైనుండి పడి కాలు విఱిగెననును.

ఇది విన్న వైయాకరణునకు సతిసప్తమి స్ఫురింపక మానదు. ఒక క్రియచే వేఱొకక్రియ కాలము గుఱుతింపఁబడునెడ సప్తమిని పాణిని విధించెను. "వరద వచ్చుచుండఁగా పుట్టెను" అను మన వాక్యమును ఇట్టిదే. కాని గుఱుతించు క్రియ వినువానికిఁ బ్రసిద్ధమై యుండవలెను. సాక్షి కాలు విఱిగిన దినము సాక్షికే తెలియును. అసిద్ధముచే అసిద్ధమును సాధించుట యెట్లు? ఒకే మాటలు పెక్కు విచారణలలోఁ గానవచ్చుటచే ఆధునికపరిశోధకులు ఈ సాక్ష్యములను శంకించుట వింత కాదు.

మా ముక్తేశ్వరమున "పుష్కరములనాఁటికి చంకబిడ్డ" యన్నచో ఊరంతయు నెఱుఁగును. పుష్కరములు పండ్రెండేండ్లకు మరల వచ్చినను, మనిషిని జూచినచో సంశయము తీఱును. అయినను అది యేఁటినే తెలుపును, దినమును దెలుపదు. కోర్టు ఆఫ్ వార్డ్సువారి యధీనమందలి జమీందారు బాలురకు 1875 నాఁటి చట్టమును ఇరువదియొక్క యేండ్లే విధించెను. ఎస్టేటు చేతికి వచ్చుటకు దినమే ముఖ్యము. అందులకు జాతకము శరణ్యము: సంవత్సరనామము, తిథి, నక్షత్రము, లగ్నము. అఱువదియేండ్ల దాఁక ఆ సంవత్సరనామము మరల రాదు. అయితే ఆ జాతకము పుట్టినపుడే వ్రాసినదా, వ్యాజ్యము పుట్టిన పిదప వ్రాసినదా యని చెప్పఁగల సాక్షిని మరల ఊరిలోనే వెదకవలసి యుండెను.