ఆత్మగౌరవం, సామూహిక అస్తిత్వం, సామాజిక భాగస్వామ్యం: దండోరా ఉద్యమ నేపథ్యంలో ఒక పరిశీలన

తెలుగులో ‘ఆత్మగౌరవం’ అనే పదం రెండు అర్థాలలో వాడుకలో ఉంది. వ్యక్తి తన విలువను తాను అంచనా వేసుకోవడం ఒకటి. సమూహం తన గౌరవం కోసం నిలబడడం మరొకటి. మనోవిజ్ఞానశాస్త్రం ఈ రెండింటినీ వేరువేరుగా కొలుస్తుంది. 1965లో మోరిస్ రోసెన్‌బర్గ్ రూపొందించిన 10 అంశాల మాపని వ్యక్తిగత ఆత్మగౌరవానికి సంబంధించినది. 1992లో లుహ్టానెన్, క్రాకర్ రూపొందించిన మాపని సామూహిక ఆత్మగౌరవాన్ని పరిశీలిస్తుంది. తన సమూహం పట్ల వ్యక్తికి ఉన్న గౌరవాన్నీ, ఆ సమూహాన్ని ఇతరులు ఎలా చూస్తున్నారనే భావననూ అది విడదీసి చూస్తుంది. రెండోది తక్కువగా ఉన్నా మొదటిది ఎక్కువగా ఉండవచ్చు. సామాజిక భాగస్వామ్యానికి మూలం తరచుగా ఈ అంతరంలోనే ఉంటుంది.

టాజ్‌ఫెల్, టర్నర్ 1979లో వివరించిన సామాజిక అస్తిత్వ సిద్ధాంతం ప్రకారం చిన్నచూపుకు గురైన సమూహ సభ్యులకు మూడు మార్గాలున్నాయి: వ్యక్తిగతంగా ఆ సమూహానికి దూరం కావడం, సమూహ చిహ్నాలకు కొత్త విలువ కల్పించడం, ఉన్న అంతరాలను మార్చడానికి సమష్టిగా పోటీపడడం.

1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో ఆవిర్భవించిన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి ఉద్యమాన్ని ఈ దృష్టితో పరిశీలించవచ్చు. కులం పేరును దాచుకోవడం మొదటి మార్గం. ఉద్యమకారులు దానిని తిరస్కరించి, తమ పేర్ల చివర ‘మాదిగ’ అని చేర్చుకున్నారు. ఊరి చాకిరీలో భాగమైన డప్పు చాటింపు ‘దండోరా’గా ఉద్యమానికే పేరైంది. ఇది రెండో మార్గం. షెడ్యూల్డు కులాల వర్గీకరణ కోసం చేసిన పోరాటం మూడోది.

ఆత్మగౌరవం పెరిగిన తరువాతే మనిషి సామాజిక కార్యంలో పాల్గొంటాడనే సాధారణ అభిప్రాయాన్ని ఈ ఉదాహరణ ప్రశ్నిస్తుంది. పేరు మార్పు బహిరంగ చర్య; అదే భాగస్వామ్యానికి తొలి మెట్టు. అంటే భాగస్వామ్యం ఆత్మగౌరవానికి ఫలితం మాత్రమే కాదు, కారణం కూడా. 2000లో వచ్చిన వర్గీకరణ చట్టాన్ని సుప్రీంకోర్టు 2004లో కొట్టివేసినా ఉద్యమం ఆగలేదు. ఉపవర్గీకరణ రాజ్యాంగబద్ధమేనని ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 ఆగస్టు 1న తీర్పునిచ్చింది. ఇన్నేళ్ల కొనసాగింపును ప్రయోజనాపేక్ష ఒక్కటే వివరించలేదు.

అయితే సామూహిక అస్తిత్వానికి మరో పార్శ్వం కూడా ఉంది. అది సమూహంలోపల భాగస్వామ్యాన్ని పెంచుతూనే, విస్తృత దళిత ఐక్యత గురించిన వివాదానికీ దారితీసింది. వర్గీకరణను మాల మహానాడు వ్యతిరేకించడం ఇందుకు నిదర్శనం. కనుక పరిశోధకులు వ్యక్తిగత ఆత్మగౌరవాన్ని మాత్రమే కొలిచి సామాజిక భాగస్వామ్యంపై నిర్ణయానికి రావడం సమంజసం కాదు. వ్యక్తి ఏ ‘మనం’ తరఫున మాట్లాడుతున్నాడు, ఆ ‘మనం’ ఎక్కడ ఆగుతుంది అనే ప్రశ్నలు కూడా పరిశోధనలో భాగం కావాలి.