కడుపులోనే కాపలా

కొల్లేరు చుట్టుపక్కల పల్లెల్లో చేపల చెరువులకు తెల్లవారడం పడవతోనే. కైకలూరు, ముదినేపల్లి, ఆకివీడు వైపు ఏ గట్టు మీద నిలబడినా ఒకటే దృశ్యం. నీళ్లలో వరసగా పాతిన బొంగులు, ఒక్కోదానికి కట్టిన ప్లాస్టిక్ సంచి, సంచి అడుగున చిల్లులు. పడవ మీద వచ్చిన మనిషి సంచుల్లో తవుడు, చెక్క నింపుకుంటూ పోతాడు. కాసేపటికి శీలావతులు, బొచ్చెలు మూతులు చిల్లులకు ఆనించి మేత లాక్కోవడం మొదలుపెడతాయి. వెదజల్లితే నీళ్లపాలయ్యే మేతను ఇలా సంచిలో బంధించడం మన రైతు తెలివే. సాయంత్రం సంచి తడిమి చూస్తే ఆ రోజు చేప ఆకలి ఎంతో చేతికి తెలిసిపోతుంది.

సంచి బరువు తగ్గలేదంటే రైతు గుండె జారుతుంది. మర్నాడు మందుల షాపు ముందు ఉంటాడు. ‘చేప మేత ముట్టడం లేదండీ, ఏదైనా మందివ్వండి.’ చెరువుల ఊళ్లలో ఎప్పుడూ వినపడే మాటే ఇది. చిక్కంతా ఇందులోనే ఉంది. చేపకు లోపలికి మందు పంపాలంటే మేతలో కలిపే పంపాలి. జబ్బుచేసిన చేప మొదట మానేసేదేమో మేత. కాబట్టి మందు కలిపిన తవుడు ఎక్కువగా తినేది ఇంకా బాగున్న చేపలే, మంచాన పడ్డ చేప నోటికి అది అందదు. చేప రోగాల సంగతి తవుడు బస్తా దగ్గరే మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్మడానికి కారణం ఇదే.

చేప ఒంట్లో కాపలా ఎలా ఉంటుందో చూడండి. మన ఎముకల్లో రక్తకణాలు పుట్టించే మజ్జ ఉంటుంది. చేప ఎముకల్లో ఆ మజ్జ లేదు. తల వెనకే ఉండే మూత్రపిండం ముందు భాగం ఆ పని చేస్తుంది. ఒంటి మీది జిగురు మరో కాపలాదారు. చేప పట్టుకుంటే చేతికి అంటే ఆ జిగటలో బ్యాక్టీరియా గోడలు కరిగించే లైసోజైమ్ ఉంటుంది. ఇక శీలావతికి, బొచ్చెకు జీర్ణాశయమే లేదు. ఒంటి పొడవుకు ఎన్నో రెట్లుండే పేగు మెలికలు తిరిగి పొట్టంతా నిండి ఉంటుంది. నీటితో, మేతతో వచ్చే ప్రతి సూక్ష్మజీవీ ఆ పేగు గోడను తాకే పోవాలి. చేపల్లో ఐజీటీ అనే ఒక రకం యాంటీబాడీ ముఖ్యంగా పేగులో పనిచేస్తుందని 2010లో రెయిన్‌బో ట్రౌట్ మీద చేసిన పరిశోధన తేల్చింది. మేత పడే చోటే సైన్యం కూడా ఉందన్నమాట.

ఆ సైన్యానికి మనం ఏం పెడుతున్నాం? యాంటీబాడీ అయినా లైసోజైమ్ అయినా ప్రొటీనే. పెరిగే శీలావతి మేతలో ప్రొటీన్ సుమారు 30 శాతం ఉండాలి. నూనె తీసిన తవుడులో, అంటే రైతులు డీఓబీ అనే దానిలో, అందులో దాదాపు సగమే దొరుకుతుంది. నూనెతో పాటు ఆ నూనెలో కరిగే విటమిన్లూ పోతాయి. తవుడులో ఉండే ఫైటిక్ ఆమ్లం జింకును, భాస్వరాన్ని పట్టుకుని చేపకు అందనివ్వదు. విటమిన్ సి సంగతి ఇంకా విచిత్రం. మనిషిలాగే చాలా చేపలు దాన్ని సొంతంగా తయారుచేసుకోలేవు. అది బాగా కరువైతే వెన్ను వంకరపోతుంది. అంతకు చాలా ముందే గాయాలు మానడం నెమ్మదిస్తుంది.

మరి పాత రోజుల్లో తవుడు, చెక్కతోనే చేపలు బాగా పెరిగాయి కదా అంటారు. పెరిగాయి, నిజమే. అప్పుడు లోటు తీర్చింది చెరువు. పేడ ఎరువుతో పచ్చబడిన నీటిలో కంటికి ఆనని జీవులు కోట్లలో ఉండేవి. ప్రొటీన్, విటమిన్లు, రంగు పదార్థాలు అన్నీ వాటిలోనే. బొచ్చె వాటి కోసమే పైపైన తిరుగుతుంది. ఎకరానికి వేసే చేపపిల్లల సంఖ్య పెరిగేకొద్దీ ఆ వాటా తగ్గింది, సంచిలోని తవుడే సర్వస్వమైంది.

చెక్క దగ్గర కాస్త ఆగాలి. వానాకాలంలో గోడకు ఆనించి, నేల మీదే పేర్చిన వేరుశనగ చెక్క బస్తాలు మన షెడ్లలో ఎన్నో. చెమ్మ తగిలితే పచ్చటి బూజు, ఆ బూజు నుంచి అఫ్లాటాక్సిన్. 1960 ప్రాంతంలో అమెరికా హేచరీల్లో ట్రౌట్ చేపలకు కాలేయ క్యాన్సర్ తెచ్చింది ఈ విషమే, పత్తిగింజల చెక్క రూపంలో. మన శీలావతికి అది చేసే చెరుపును భువనేశ్వర్ దగ్గరి కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధన సంస్థ, సీఫా, పరీక్షించింది. 2001లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం అఫ్లాటాక్సిన్ చేరిన చేపలో రోగాన్ని ఎదిరించే శక్తి పడిపోయింది. మేతలో బీటా గ్లూకాన్ కలిపి పెడితే పడిపోయిన శక్తి కొంత తిరిగొచ్చింది. ఈస్ట్ కణాల గోడల్లో ఉండే పదార్థం బీటా గ్లూకాన్. చేప తెల్లకణాలు దాన్ని చూసి శత్రువొచ్చిందనుకుని మేల్కొంటాయి. బూజు పట్టిన చెక్కను ఎండబెట్టి దులిపితే బూజు రాలుతుంది, విషం ఉండిపోతుంది. ఉడికించినా పోదు. అలాంటి బస్తా చౌకగా వచ్చిందని చెరువులో పొయ్యడం చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

మొక్కల మందులూ పనికొస్తాయి. వెల్లుల్లి, పసుపు, మామిడి టెంకలోని జీడి, ఉత్తరేణి గింజలు, వీటన్నిటినీ మన దేశంలోనే శీలావతి మేతలో కలిపి, చేపలకు రోగం తెచ్చే ఏరోమోనాస్ బ్యాక్టీరియా మీద పరీక్షించారు. మంచి ఫలితాలే వచ్చాయి. అయితే అవి ప్రయోగశాల తొట్టెల్లో, కొలిచి పెట్టిన మోతాదులు. ఎక్కువైతే మేలు తగ్గిన సందర్భాలున్నాయి. గ్లూకాన్ లాంటివి ఎడతెగకుండా పెడితే ఒళ్లు వాటికి అలవాటుపడుతుందనీ పరిశోధకులు హెచ్చరిస్తారు. రోజూ దొంగ దొంగ అని అరిస్తే కాపలావాడు లేవడం మానేస్తాడు. డబ్బా మీద ‘ఇమ్యూనిటీ’ అని రాసి ఉన్న ప్రతి పొడికీ డబ్బు పోసే ముందు రైతు ఈ మాట గుర్తు తెచ్చుకోవాలి.

నార్వే సాల్మన్ కథ మన చెరువులకు తరచూ ఉదాహరణగా చెబుతారు. 1987లో అక్కడి చేపల పెంపకంలో దాదాపు 50 టన్నుల యాంటీబయాటిక్స్ వాడారు. ఇప్పుడు ఉత్పత్తి ఎన్నో రెట్లు పెరిగినా వాడకం టన్నుకు మించడం లేదు. అందులో సింహభాగం ఘనత టీకాలది, మేతది కాదు. మేత విషయంలో వాళ్లు దెబ్బలూ తిన్నారు. చేప పొడికి బదులు సోయా పిండి ఎక్కువగా పెడితే సాల్మన్ పేగు చివరి భాగం వాచిపోయింది. సాల్మన్ మాంసాహారి, మన శీలావతికి ఆకూ నాచూ కొత్త కాదు. అక్కడి లెక్క తెచ్చి ఇక్కడ అతికిస్తే కుదరదు.

మన లెక్క చలికాలంతో ముడిపడింది. చేప ఒంటి వేడి నీటి వేడితోనే మారుతుంది. నీళ్లు చల్లబడితే యాంటీబాడీల తయారీ మందగిస్తుంది, ఆకలీ తగ్గుతుంది. 1988లో మన దేశంలోకి వచ్చి చేపల ఒళ్లంతా పుండ్లు చేసిన ఈయూఎస్ రోగం ఎక్కువగా విజృంభించేది ఆ నెలల్లోనే. డిసెంబరు మంచులో పెట్టే మేత చేప సరిగా తినదు. దాని ఒంట్లో నిల్వ చేరాల్సింది అంతకుముందే, ఆశ్వయుజ కార్తీకాల్లో, నీళ్లింకా వెచ్చగా ఉండి సంచి సాయంత్రానికి ఖాళీ అవుతున్నప్పుడు. సరిగ్గా ఆ నెలల్లోనే షెడ్డులో చెక్క బస్తాలు వాన చెమ్మ తాగి ఉంటాయి. వాటిని చెక్కబల్లల మీదికి ఎత్తి, గోడకు జానెడు దూరం జరిపి, సంచిలో పోసే ముందు ఒక్క ముక్క విరిచి ముక్కు దగ్గర పెట్టి చూడాలి.