గేరు జారినప్పుడు: దోష నిదానం

వ్యాధికి మందు ఇవ్వడం కంటె వ్యాధి మూలాన్ని గుర్తించడం కష్టమైన పని. ఆయుర్వేదంలో ఈ మూలాన్వేషణకు ‘నిదానం’ అని పేరు. మాధవకరుని గ్రంథం ‘మాధవ నిదానం’గా ప్రసిద్ధి పొందడానికి కారణం ఇదే. మానవ శరీరానికి వర్తించే ఈ పద్ధతి యంత్రాలకూ వర్తిస్తుంది. పది పదిహేనేళ్లు నడిచిన ఆటోమేటిక్ కారులో గేరు జారడమనే లోపం ఇందుకు చక్కని ఉదాహరణ. కారణం తెలుసుకోకుండా గేర్‌బాక్సు విప్పిస్తే, ఆ మరమ్మతుకయ్యే ఖర్చు ఒక్కొక్కసారి పాత కారు వెలనే మించిపోతుంది. కారణం తెలిస్తే ఒక లీటరు ఆయిల్‌తోనో, ఒక కేబుల్‌ను సరిచేయడంతోనో పని ముగియవచ్చు.

భారతదేశంలో చాలాకాలం చేతితో గేరు మార్చే కార్లదే రాజ్యం. అమెరికాలో పరిస్థితి వేరు. జనరల్ మోటార్స్ సంస్థ 1940 మోడల్ ఓల్డ్స్‌మొబైల్ కార్లలో ‘హైడ్రామాటిక్’ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్సును ప్రవేశపెట్టింది. తరువాతి దశాబ్దాలలో అక్కడ ఆటోమేటిక్ కార్లే సర్వసాధారణమయ్యాయి. ఉన్నత విద్యకై ఆ దేశానికి వెళ్లే తెలుగు విద్యార్థులలో పలువురు మొదట కొనుక్కునేది ఎవరో వాడి అమ్మిన ఆటోమేటిక్ కారునే. అలాంటివారికి ఈ పరిజ్ఞానం సొమ్మునే కాక, ప్రాణాన్ని కూడా కాపాడుతుంది. వేగంగా వాహనాలు వచ్చే రహదారిని దాటే క్షణంలో గేరు జారితే, కారు ముందుకు దూకవలసిన చోట నిలిచిపోతుంది.

నిర్మాణం - పనితీరు

చేతి గేర్ల కారులో ఇంజనుకూ గేర్లకూ మధ్య క్లచ్ ప్లేటు ఉంటుంది. ఆటోమేటిక్ కారులో ఆ స్థానాన్ని ‘టార్క్ కన్వర్టర్’ ఆక్రమిస్తుంది. ఈ సాధనానికి మూలమైన ఆలోచనకు జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫొటింగర్ 1905లో పేటెంటు పొందాడు. రెండు పంకాలను ఎదురెదురుగా ఉంచి ఒకదానిని తిప్పితే, ఆ గాలికి రెండవది కూడా తిరగడం మనం చూడవచ్చు. టార్క్ కన్వర్టర్‌లోనూ జరిగేది అదే. అయితే గాలికి బదులు అక్కడ ఆయిల్ ఉంటుంది. ఇంజనుతో పాటు తిరిగే చక్రం ఆయిల్‌ను విసురుతుంది. ఆ తాకిడికి గేర్ల వైపున్న చక్రం తిరుగుతుంది. ఈ రెండింటి నడుమ ఉండే స్టేటరు ఆయిల్ ప్రవాహాన్ని మళ్లించి బలాన్ని పెంచుతుంది.

దీని వెనుక గ్రహ చక్రాల సముదాయం ఉంటుంది. నడిమి చక్రం సూర్యునివలె, దాని చుట్టూ తిరిగే చిన్న చక్రాలు గ్రహాలవలె ఉంటాయి. వీటన్నింటినీ ఒక వలయ చక్రం చుట్టి ఉంటుంది. వీటిలో దేనిని ఆపి, దేనిని తిప్పితే ఏ గేరు పడుతుందన్నది ముందే నిర్ణయమై ఉంటుంది. ఆపడానికీ కలపడానికీ క్లచ్ ప్లేట్ల కట్టలు, ఇనుప పట్టీలు ఉన్నాయి. వీటిని బిగించేది ఆయిల్ పీడనమే. ఒక పంపు ఆ పీడనాన్ని కల్పిస్తుంది. ‘వాల్వ్ బాడీ’ అనే కవాటాల పెట్టె దానిని ఏ క్లచ్చుకు ఎప్పుడు పంపాలో అప్పుడు పంపుతుంది.

కాబట్టి ఈ యంత్రంలో ఆయిల్ పాత్ర కేవలం కందెన వంటిది కాదు. బలాన్ని మోసేదీ, క్లచ్చులను బిగించేదీ, వేడిని బయటికి తీసుకుపోయేదీ అదే. క్లచ్ ప్లేట్లు గట్టిగా ఒత్తుకోక, ఒకదానిపై ఒకటి రాసుకుంటూ తిరిగిపోవడాన్నే గేరు జారడం అంటారు. ఆ రాపిడికి వేడి పుడుతుంది. వేడికి ఆయిల్ గుణం చెడుతుంది. చెడిన ఆయిల్ వల్ల జారుడు మరింత పెరుగుతుంది. చిన్న లోపం కొద్ది రోజులలోనే పెద్దదవడానికి ఈ విషవలయమే కారణం.

లక్షణాలను వేరుపరచడం

“బండి లాగడం లేదు” అన్నది ఫిర్యాదు మాత్రమే. అది నిదానం కాదు. ఇంజను బలహీనపడినా కారు లాగదు, గేరు జారినా లాగదు. ఈ రెండింటికీ తేడాను ఆర్.పి.ఎం. ముల్లు చూపుతుంది. యాక్సిలరేటరు నొక్కినప్పుడు ముల్లు పైకి ఎగసి, వేగం మాత్రం పెరగకుంటే గేరు జారుతున్నట్లు భావించవచ్చు. ముల్లూ కదలక, వేగమూ పెరగకుంటే దోషం ఇంజనులోనో, పొగ గొట్టంలోనో ఉండవచ్చు.

లోపం కనిపించే సమయాన్ని కూడా గమనించాలి. ఉదయం చల్లగా ఉన్నప్పుడు గేరు ఆలస్యంగా పడి, కారు వేడెక్కాక సర్దుకుంటే, లోపలి రబ్బరు సీళ్లు గట్టిపడ్డాయని అనుమానించాలి. పాత కార్లలో ఇది తరచుగా కనిపించే లోపం. చల్లగా ఉన్నప్పుడు బాగా నడిచి, వేడెక్కాక జారితే, పలుచబడిన ఆయిల్ ఎక్కడో లోలోపల కారిపోతూ ఉండవచ్చు. లేదా ఫిల్టరు పూడుకుపోయి ఉండవచ్చు. అన్ని గేర్లూ జారుతున్నాయా, ఒక్క గేరే జారుతున్నదా అన్నది మరొక ముఖ్యమైన ప్రశ్న. అన్నీ జారితే పీడనం పుట్టే చోట లోపాన్ని వెదకాలి. ఒక్కటే జారితే ఆ గేరుకు సంబంధించిన క్లచ్చును, పట్టీని, వాటికి ఆయిల్ చేరే దారిని పరిశీలించాలి.

ఆయిల్ చెప్పే సాక్ష్యం

మొదటి పరీక్ష ఆయిల్‌ను చూడటమే. చాలా పాత కార్లలో ఇందుకు డిప్‌స్టిక్ ఉంటుంది. కారును చదునైన నేలపై నిలిపి, బాగా వేడెక్కిన ఇంజను తిరుగుతూ ఉండగా, గేరును ‘పార్క్’ స్థానంలో ఉంచి చూడటం సాధారణ పద్ధతి. కొన్ని కార్లలో ఇంజను ఆపి చూడాలి కాబట్టి తయారీదారు ఇచ్చిన పుస్తకాన్ని అనుసరించడం అవసరం. ఆయిల్ తగ్గితే పంపు గాలిని పీల్చి పీడనం పడిపోతుంది. ఎక్కువైతే తిరిగే చక్రాలు దానిని చిలికి నురుగు చేస్తాయి. నురుగుకు క్లచ్చును బిగించే శక్తి ఉండదు. కనుక లోటు ఎంత హానికరమో, అతి కూడా అంతే హానికరం.

తరువాత రంగును, వాసనను పరీక్షించాలి. ఈ ఆయిల్ సాధారణంగా ఎర్రగా ఉంటుంది. కాలక్రమాన కొంత నల్లబడటం సహజమే. నలుపుతో పాటు మాడిన వాసన వస్తే మాత్రం క్లచ్ ప్లేట్లు కాలాయని గ్రహించాలి. పాలు కలిసినట్లు లేత గులాబీ రంగుకు మారితే, రేడియేటరు లోపలి గోడ చిల్లుపడి నీరు ఆయిల్‌లో చేరి ఉంటుంది. ఆ నీరు క్లచ్ ప్లేట్లపై ఘర్షణ పొరను అంటించిన జిగురును వదులు చేస్తుంది. అటువంటి కారును నడపకుండా ఉండటమే మేలు.

ఆయిల్ తగ్గిందని తెలిసినప్పుడు పోసి ఊరుకోవడం సరికాదు. అది ఎక్కడికి పోయిందో కనుగొనాలి. అడుగు పళ్లెం గాస్కెట్టు, ఇరుసుల సీళ్లు, రేడియేటరుకు పోయే గొట్టాలు తడిగా ఉన్నాయేమో చూడాలి. అడుగు పళ్లెం విప్పినప్పుడు అయస్కాంతానికి అంటిన సన్నని బూడిదరంగు పొడి సాధారణమైన అరుగుదలకు గుర్తు. లోహపు ముక్కలు, నల్లని పొరల పెళ్లలు కనిపిస్తే లోపలి భాగాలు దెబ్బతిన్నట్లే.

కొలిచి తేల్చే పరీక్షలు

కంటికి, ముక్కుకు అందని విషయాన్ని కొలత చెబుతుంది. మెకానిక్ గేర్‌బాక్సుకు పీడన మాపకాన్ని బిగించి ఒక్కొక్క గేరులో పీడనాన్ని చూస్తాడు. అన్ని గేర్లలోనూ పీడనం తక్కువగా ఉంటే పంపును, ఫిల్టరును, పీడనాన్ని నియంత్రించే కవాటాన్ని శంకించాలి. ఒక్క గేరులోనే తక్కువైతే ఆ మార్గంలో సీలు చెడినట్లు. పీడనం సరిగా ఉన్నా గేరు జారితే క్లచ్ ప్లేట్లు అరిగిపోయినట్లే.

‘స్టాల్ పరీక్ష’ మరొకటి. చక్రాలకు అడ్డు పెట్టి, బ్రేకు గట్టిగా నొక్కి, గేరు వేసి, యాక్సిలరేటరును పూర్తిగా నొక్కి ఇంజను వేగాన్ని చూస్తారు. తయారీదారు చెప్పినదానికంటె వేగం ఎక్కువైతే లోపల ఏదో జారుతున్నది. తక్కువైతే ఇంజను బలహీనమైనదో, టార్క్ కన్వర్టర్‌లోని స్టేటరు పట్టు తప్పినదో అయి ఉంటుంది. ఈ పరీక్ష 5 సెకన్లకు మించరాదు. మించితే ఆయిల్ విపరీతంగా వేడెక్కుతుంది. ముందు నిలబడిన వారికి అపాయం కూడా. కొందరు తయారీదారులు దీనిని నిషేధించారు కనుక అనుభవజ్ఞులకే ఇది తగినది.

అమెరికాలో 1996 మోడల్ నుండి అమ్మిన కార్లన్నింటిలోనూ లోపాలను సంకేతాలుగా నమోదు చేసే కంప్యూటరు వ్యవస్థ తప్పనిసరి అయింది. గేర్‌బాక్సులోకి వచ్చే వేగాన్నీ, బయటికి పోయే వేగాన్నీ ఇది పోల్చి చూస్తుంది. లెక్క కుదరకుంటే ‘పి0730’ వంటి సంకేతాన్ని నమోదు చేస్తుంది. ఆ సంకేతం గేరు నిష్పత్తి తప్పిందని మాత్రమే తెలుపుతుంది. ఏ భాగం చెడిందో చెప్పదు. జ్వరమాని జ్వరాన్ని చూపుతుంది గాని, జ్వర కారణాన్ని చూపదు కదా!

మూలాన్ని విడిచిన మరమ్మతు

జనరల్ మోటార్స్ 1982లో ప్రవేశపెట్టిన ‘700-ఆర్4’ అనే గేర్‌బాక్సు ఈ సందర్భంలో గమనింపదగినది. ఇందులో ఇంజను కార్బ్యురేటరు నుండి గేర్‌బాక్సుకు ఒక సన్నని కేబుల్ ఉంటుంది. డ్రైవరు యాక్సిలరేటరును ఎంత నొక్కాడో ఆ కేబుల్ గేర్‌బాక్సుకు తెలియజేస్తుంది. దానిని బట్టి ఆయిల్ పీడనం పెరుగుతుంది. కేబుల్ వదులైతే ఇంజను బలం పెరిగినా పీడనం పెరగదు. అప్పుడు మూడవ, నాల్గవ గేర్లకు ఉపయోగపడే క్లచ్చు జారి, కాలిపోతుంది. గేర్‌బాక్సు విప్పి, కొత్త ప్లేట్లు వేసి, కేబుల్‌ను మాత్రం సరిచేయకుండా వదిలితే కొత్త ప్లేట్లకూ పాతవాటి గతే పడుతుంది. కాలిన ప్లేటు ఫలితం. వదులైన కేబుల్ కారణం. ఫలితాన్ని మార్చి కారణాన్ని విడిచిపెట్టిన మరమ్మతు మరమ్మతు కాజాలదు.

గేరు జారే పద్ధతులన్నీ ఒకే రకమైనవి కావని కూడా గుర్తుంచుకోవాలి. 2014లో మారుతి సుజుకి సెలెరియో కారుతో మన దేశంలో తక్కువ ధరకు లభించిన ఆటోమేటిక్ విధానంలో టార్క్ కన్వర్టర్ లేదు. అది మామూలు గేర్‌బాక్సే. క్లచ్చును మనిషి కాలికి బదులు యంత్రం నొక్కుతుంది. అక్కడ గేరు జారితే మొదట క్లచ్ ప్లేటునే చూడాలి. యంత్రపు జాతిని గుర్తించకుండా మొదలుపెట్టిన పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది.

కారు యజమాని ప్రతి పరీక్షనూ స్వయంగా చేయనక్కరలేదు. గేరు జారుతున్నదని తెలిసిన వెంటనే నడపడం ఆపడం, ఆయిల్‌ను చూడటం, ఏ గేరులో, ఎంత వేడిమీద, ఏ వేగంలో జారిందో రాసిపెట్టుకోవడం ఆయన చేయదగిన పనులు. ఆ వివరాలు చేతిలో ఉన్నవాడు మెకానిక్‌ను సరైన ప్రశ్న అడగగలడు. “మొత్తం మార్చాలి” అన్న మాటకు ఆధారం చూపమని కోరగలడు.

ఆయుర్వేదంలో ‘నిదానం’ కారణ నిర్ణయం. తెలుగువారి వాడుకలో అదే మాటకు నెమ్మది, ఓర్పు అని అర్థం. తేలికైన పరీక్ష నుండి కఠినమైన పరీక్షకు, చూపు నుండి కొలతకు, కొలత నుండి నిర్ణయానికి క్రమంగా నడిచేవారికి ఈ రెండు అర్థాలూ ఒకటే. నిదానమే ప్రధానమన్న పెద్దల మాట యంత్రశాలలోనూ చెల్లుతుంది.